ప్రమాద నివేదికను ఎలా చదవాలి: మంటలు ఆర్పే విమానాలు మన షిఫ్టుకు నేర్పే పాఠాలు

ముందు ఒక తెల్ల కాగితం, పెన్సిలు, రబ్బరు దగ్గర పెట్టుకోండి. రబ్బరు ఎందుకో కాసేపట్లో చెబుతాను.

బెంగళూరు మురుగేశ్‌పాళ్యలో, విండ్ టన్నెల్ రోడ్డు దగ్గర ఒక మిత్రుడి ఇంట్లో నెలకు రెండు ఆదివారాలు మేం ఆరేడుగురం కూర్చుంటాం. హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి వచ్చినవాళ్లమే ఎక్కువ. విజయనగరం ఆయన ఒకరున్నారు. విమాన విడిభాగాల తనిఖీలో ఉన్నవాళ్లం ఇద్దరం, ఒక క్రేన్ సూపర్‌వైజరు, ఒక నర్సు, మిగతావాళ్లు సాఫ్ట్‌వేరు. ఒక విమాన ప్రమాద నివేదిక తీసుకుని చదవడం, అలాంటిది మన పనిలో ఎక్కడుందో వెతుక్కోవడం మా కాలక్షేపం. ఆదివారం పూట ఇదేం పిచ్చి అని ఇంట్లోవాళ్లు అంటూనే ఉంటారు. కొన్ని నెలలుగా అడవి మంటలు ఆర్పే విమానాల నివేదికలే చదువుతున్నాం.

అవే ఎందుకంటే, మామూలు విమానం వీలైనంతసేపు నేలకు దూరంగా ఉంటుంది. ఇవి పొగలో, కొండల మధ్య, ఈదురుగాలిలో, నిండా బరువుతో, నేలకు రెండు వందల అడుగుల ఎత్తుకు కావాలనే దిగుతాయి. కింద ఇళ్లు కాలుతుంటాయి. వెళ్లకపోతే ఎలా అన్న ఒత్తిడి ప్రతి ఒక్కరి మీదా ఉంటుంది. వేరేచోట చిన్న పొరపాటుకు సర్దుకునే సమయం దొరుకుతుంది, ఇక్కడ దొరకదు. అందుకే పొరపాటు ఎక్కడ మొదలైందో ఈ నివేదికల్లో బాగా కనిపిస్తుంది.

2019 ఫిబ్రవరిలో యలహంకలో జరిగిన ఏరో ఇండియా విమాన ప్రదర్శన పార్కింగ్‌లో దాదాపు 300 కార్లు తగలబడ్డాయి. రెండు రోజుల తర్వాత బందీపూర్ అడవి మంటల మీద వైమానిక దళం ఎంఐ-17 హెలికాప్టర్లు కింద వేలాడే పెద్ద బాంబీ బకెట్‌తో నీళ్లు పోశాయి. హెలికాప్టర్ పంపితే ఆరిపోతుంది కదా, ముందే ఎందుకు పంపలేదని క్యాంటీన్‌లో అందరం తీర్పులిచ్చాం. నేనూ ఇచ్చాను. అలా తీర్పులివ్వకుండా నివేదిక చదవడానికి మేం పాటించే ఎనిమిది పనులు ఇవి.

మొదటి పని: సరైన కాగితం దించుకోండి

వార్త వద్దు, వీడియో వద్దు. దర్యాప్తు సంస్థ తుది నివేదికే కావాలి. ఆస్ట్రేలియాలో ఏటీఎస్‌బీ, అమెరికాలో ఎన్‌టీఎస్‌బీ, మన దేశంలో ఏఏఐబీ. వాళ్ల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. ప్రమాదం జరిగిన నెల రోజులకు వచ్చేది ప్రాథమిక నివేదిక. అందులో ఏం జరిగిందో ఉంటుంది, ఎందుకు జరిగిందో సాధారణంగా ఉండదు. తుది నివేదికకు రెండేళ్లు పట్టినా ఆశ్చర్యపోవద్దు.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందం 13వ అనుబంధం ప్రకారం ఈ దర్యాప్తుల ఉద్దేశం మళ్లీ జరగకుండా చూడటమే, తప్పు ఎవరిదో తేల్చడం వాళ్ల పని కాదు. 'పైలట్ తప్పిదం' అన్న రెండు మాటలతో పేపర్లో ముగిసిపోయిన కథ అసలు నివేదికలో అక్కడి నుంచే మొదలవుతుంది.

కొత్తగా చదివేవారికి నేను చెప్పేది 2020 జనవరి 23 నాటి ఆస్ట్రేలియా ప్రమాదం. న్యూసౌత్‌వేల్స్‌లో కూమా దగ్గర, మంట పాకకుండా ఆపే ఎర్రటి రిటార్డెంట్ ద్రవం చల్లి వెళ్తున్న సీ-130 ట్యాంకర్ విమానం కూలిపోయింది. అందులో ఉన్న ముగ్గురు అమెరికన్లూ చనిపోయారు. ఈ నివేదిక ఒక్కటి సరిగ్గా చదివితే మిగతావి ఎలా చదవాలో దానంతట అదే తెలుస్తుంది.

రెండో పని: మూడు గడులు గీయండి

కాగితం మీద నిలువుగా మూడు గడులు. మొదటి గడిలో సమయం. రెండో గడిలో ఎవరికి ఏం తెలుసు. మూడో గడిలో అది ఎవరికి చెప్పారు. నివేదిక చివరి పేజీలు, అంటే నిర్ధారణలు, ఇంకా తెరవొద్దు. జరిగిన క్రమం ఉన్న భాగం మాత్రమే చదువుతూ గడులు నింపండి.

కూమా ప్రమాదానికి ఇలా నింపితే కాగితం ఏం చెబుతుందో చూడండి. అడమినబీ అనే చోట మంట. అక్కడికి ముందుగా ఒక బోయింగ్ 737 ట్యాంకర్ వెళ్లి ద్రవం వదిలింది. గాలి దాన్ని విపరీతంగా కుదిపేసింది. మళ్లీ రాలేమని, అక్కడ పరిస్థితి బాగాలేదని ఆ సిబ్బంది చెప్పేశారు. పెద్ద ట్యాంకర్ కంటే ముందు వెళ్లి గాలి, పొగ, కొండలు చూసి దారి చెప్పే చిన్న విమానాన్ని బర్డ్‌డాగ్ అంటారు. ఆ పైలట్ కూడా అక్కడికి వెళ్లనన్నారు. అయినా సీ-130కి అప్పగించిన పని అలాగే కొనసాగింది. దాని కెప్టెన్‌కు బర్డ్‌డాగ్ లేకుండా పనిచేసే అర్హత ఉంది కాబట్టి, వెళ్లొచ్చో లేదో ఆయనే చూసుకుంటారని వదిలేశారు. చూసుకోవడానికి కావలసిన సమాచారం మాత్రం పూర్తిగా ఆయనకు అందించలేదు.

ఇప్పుడు మూడో గడి చూడండి. చాలా వరుసల్లో ఖాళీ.

సీ-130 అడమినబీ చేరింది. ఇక్కడ కుదరదని సిబ్బందే నిర్ణయించుకుని పీక్ వ్యూ దగ్గర మరో మంట వైపు మళ్లారు. అక్కడ లోడులో కొంత వదిలి, ఎడమకు తిరిగి పైకి లేస్తుండగా గాలి దిశ, వేగం ఒక్కసారిగా మారాయి. దీన్నే విండ్‌షియర్ అంటారు. వెనక గాలి పెరిగింది, విమానం వేగం పడిపోయింది, రెక్కలు పట్టు కోల్పోయాయి. కోలుకోవడానికి కింద ఎత్తు లేదు. కాక్‌పిట్‌లో ఏం మాట్లాడుకున్నారో మనకు తెలియదు, ఆ ప్రయాణం ఆడియో రికార్డు కాలేదు.

ఇంకో నివేదికతో ఇదే అభ్యాసం చేయాలంటే 2012 జులై 1 నాటి దక్షిణ డకోటా ప్రమాదం తీసుకోండి. అక్కడ ముందు వెళ్తున్న దారి చూపే విమానమే కిందికి నెట్టే గాలిలో పడి నేలకు పది అడుగుల దాకా వచ్చి బతికి బయటపడింది. వెనకే వస్తున్న సైనిక సీ-130ని హెచ్చరించింది. వాళ్లు లోడంతా వదిలేసినా లాభం లేకపోయింది. నలుగురు పోయారు, ఇద్దరు బతికారు. ఈ రెండు విమానాల వాళ్లూ, పైనుంచి పర్యవేక్షిస్తున్న మూడో విమానం వాళ్లూ తమకు తెలిసినదాన్ని కలిపి చూసుకోలేదని దర్యాప్తు బోర్డు రాసింది. ఆ గడులు మీరే నింపండి, నేను చెప్పను.

మూడో పని: రబ్బరు

మీ కాగితం మీద 'చేసి ఉండాల్సింది', 'చూసుకోవద్దా', 'ఆ మాత్రం తెలియదా' అన్న అర్థం వచ్చేవి ఎక్కడున్నా చెరిపేయండి. మొదటిసారి నా కాగితం మీద అలాంటివి తొమ్మిది ఉన్నాయి. నర్సుగా పనిచేసే ఆవిడ కాగితం మీద ఒక్కటీ లేదు. వార్డులో ఇరవై ఏళ్లు పనిచేస్తే వచ్చే గుణం కావచ్చు.

చెరిపిన చోట ఒక ప్రశ్న రాయండి: ఆ నిమిషంలో, ఆ సీటులో కూర్చున్న మనిషికి అది సరైన పనిగా ఎందుకు కనిపించింది? జవాబు దొరికేదాకా ముందుకు వెళ్లొద్దు. దొరక్కపోతే నివేదికలో ఎక్కడో ఒక పేజీ దాటేశారన్నమాట.

నాలుగో పని: 'వద్దు' అన్నవాళ్లను వెతకండి

నా దృష్టిలో ఉన్నవాటిలో ముఖ్యమైన పని ఇదే. ప్రమాదానికి ముందు ఎవరో ఒకరు వద్దని ఉంటారు. నివేదికలో ఆ మనిషిని పట్టుకోండి. ఆ 'వద్దు' ఎక్కడిదాకా ప్రయాణించి ఎక్కడ ఆగిపోయిందో పెన్సిల్‌తో బాణం గీయండి.

కూమాలో రెండు 'వద్దు'లున్నాయి. 737 వాళ్లది ఒకటి, బర్డ్‌డాగ్ పైలట్‌ది ఒకటి. ఇద్దరూ తమ వరకు తాము బతికారు. ఒక సిబ్బంది పని తిరస్కరిస్తే తర్వాత ఏం చేయాలన్న నియమాలు విమానాలను మంటల మీదికి పంపే సంస్థ దగ్గర సరిపడా లేవని ఏటీఎస్‌బీ తేల్చింది. విమానాన్ని నడిపే సంస్థ దగ్గర బయలుదేరే ముందు ప్రమాదాన్ని అంచనా వేసే పద్ధతీ లేదు, విండ్‌షియర్ వస్తే ఏం చేయాలన్న రాతపూర్వక పద్ధతీ లేదు. రెండూ తర్వాత వచ్చాయి. తిలాపాపం తలా పిడికెడు అంటారే, ఇక్కడ అక్షరాలా అంతే. ఎవరి పిడికిలీ పెద్దది కాదు.

మనలో వద్దన్నవాడికి ఒక పేరు సిద్ధంగా ఉంటుంది. ఊరిదంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మీటింగులో ఆ మాట పడిందంటే మిగతావాళ్లు నోరు మూసుకుంటారు.

అమెరికాలో అడవి మంటలు ఆర్పే సిబ్బంది జేబులో పెట్టుకునే చిన్న పుస్తకంలో దీనికి ఒక నియమం ఉంది. ఎవరైనా ఒక పని ప్రమాదమని తిరస్కరిస్తే, అదే పనిని అధికారి ఇంకొకరికి అప్పగించొచ్చు. కానీ అలా అప్పగించేటప్పుడు, దీన్ని ఇంతకుముందు ఒకరు తిరస్కరించారు, ఫలానా కారణాలు చెప్పారు అని రెండోవాళ్లకు చెప్పి తీరాలి. చెప్పే బాధ్యత అధికారిదే. ఎంత మామూలు మాట! నేను మూడుసార్లు చదివాను.

ఎందుకంటే ఎనిమిదేళ్ల కిందట నేను పనిచేసిన ఒకచోట రాత్రి షిఫ్టులో ఒక కుర్రాడు, బోల్టులను కొలిచిన బలంతో బిగించే టార్క్ రెంచ్ చూపించి, "అన్నా, ఇది తేడాగా ఉంది. దీంతో నేను బిగించను" అన్నాడు. "సరేలేరా, పక్కన పెట్టు" అన్నాను. పక్కన పెట్టాడు. ఎందుకు పెట్టామో ట్యాగు కట్టలేదు, అప్పగింత పుస్తకంలో రాయలేదు. ఆరింటికి నేను ఇంటికి వెళ్లి పడుకున్నాను. పొద్దున షిఫ్టువాళ్లకు బల్ల మీద రెంచ్ కనిపించింది, దాని మీద తనిఖీ స్టిక్కరు గడువు కూడా దాటలేదు, తీసుకుని నలభై బోల్టులు బిగించారు. అదృష్టం కొద్దీ అదే రోజు సాయంత్రం బయటపడింది. అన్నీ విప్పి మళ్లీ బిగించడానికి రెండు రోజులు పట్టింది. తిట్లు తిన్నది పొద్దున షిఫ్టు కుర్రాళ్లు. కుర్రాడి 'వద్దు'ను నేను విన్నాను, ఒప్పుకున్నాను కూడా. నా దగ్గరే ఆగిపోయింది.

ఐదో పని: ఎంత మిగిలి ఉందో లెక్కేయండి

ప్రతి నివేదికలో ఒక క్షణం ఉంటుంది. అప్పటిదాకా తప్పు జరిగినా తిరిగి రావచ్చు, ఆ తర్వాత ఏం చేసినా రాలేరు. ఆ క్షణం కోసం ఎత్తు, వేగం, ఇంజిన్ శక్తి మూడూ విడివిడిగా రాసుకోండి.

2023 ఫిబ్రవరి 6న పశ్చిమ ఆస్ట్రేలియా ఫిట్జ్‌జెరాల్డ్ రివర్ నేషనల్ పార్కులో మరో 737 ట్యాంకర్ గుట్టను తాకి కూలింది. ఇద్దరు పైలట్లూ చిన్న గాయాలతో కాక్‌పిట్ కిటికీలోంచి బయటికొచ్చారు. పల్లంలోకి దిగుతూ ద్రవం వదిలారు. ఎత్తు మామూలుకన్నా తగ్గింది, వేగం తగ్గింది, ఇంజిన్లు ఐడిల్‌లో, అంటే కనీస శక్తి మీద ఉన్నాయి. ఎదురుగా లేచే గుట్ట వాళ్ల దృష్టికి రాలేదు. జెట్ ఇంజిన్ బైక్ కాదు, చేయి తిప్పగానే ఎగరదు, శక్తి పుంజుకోవడానికి కొన్ని సెకన్లు కావాలి. ఆ సెకన్లు లేవు.

ఇది చదువుతున్నప్పుడు మా గుంపులో పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టేసి, "మన గోల్ఫ్ కోర్సు" అన్నారు. 1990 ఫిబ్రవరి 14. బొంబాయి నుంచి వస్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏ320 హెచ్ఏఎల్ విమానాశ్రయం రన్‌వే చేరకముందే, ఇక్కడికి ఎంతో దూరంలో లేని గోల్ఫ్ మైదానంలో కూలింది. 146 మందిలో 92 మంది చనిపోయారు. దిగేటప్పుడు ఇంజిన్లు ఐడిల్‌లో ఉండిపోయాయి. 132 నాట్లు (విమాన వేగానికి కొలత) ఉండాల్సిన వేగం 106కు పడిపోయింది. చూసుకుని పూర్తి శక్తి ఇచ్చేసరికి ఆలస్యమైంది. అది ప్రయాణికుల విమానం, ఇది మంటలు ఆర్పేది. దేశాలు వేరు, మధ్యలో 33 ఏళ్లు. నా కాగితం మీద రెండింటి వరుసలు పక్కపక్కన పెడితే ఒకేలా ఉన్నాయి.

ఆస్ట్రేలియా నివేదికలో ఇంకొకటి గమనించండి. ఎంత ఎత్తుకు దిగుతామో ముందుగా పైకి చెప్పాలన్న నియమం ఆ సంస్థలో లేదు. అంకె ముందే చెప్పి ఉంటే, దాటినప్పుడు పక్క సీటాయన 'దాటాం' అనగలడు. అంకె కెప్టెన్ మనసులోనే ఉంటే ఆయనేం అనగలడు? మీ పనిలో 'ఇంతకు మించితే ఆపేద్దాం' అన్న అంకె ఎవరి మనసులో ఉందో చూడండి. దాన్ని పైకి చెప్పించండి. మా క్రేన్ సూపర్‌వైజరు ఇప్పుడు ఎత్తడానికి ముందు గాలి వేగం పరిమితిని వాకీటాకీలో అందరికీ వినిపించేలా చదువుతారు. మొదట్లో నవ్వారట.

ఆరో పని: లెక్క ఎవరు వేశారో అడగండి

2008 ఆగస్టు 5న కాలిఫోర్నియా వీవర్‌విల్ దగ్గర కొండ మీంచి అగ్నిమాపక సిబ్బందిని తీసుకుని లేచిన ఎస్-61 హెలికాప్టర్ చెట్లను తాకి పడిపోయింది. పదమూడు మందిలో తొమ్మిది మంది చనిపోయారు. హెలికాప్టర్ ఖాళీ బరువును కంపెనీ కావాలనే తక్కువ చేసి చూపిందని, సామర్థ్యం పట్టికను మార్చిందని ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. పైలట్లు లెక్క సరిగ్గానే వేశారు, వాళ్లకిచ్చిన అంకెలే తప్పు.

అయితే అంతటితో ఆపొద్దు. అదే చోటు నుంచి అంతకుముందు రెండుసార్లు లేచినప్పుడే యంత్రం తన చివరి సత్తా దాకా వెళ్లిందని, సిబ్బంది దాన్ని పట్టించుకోలేదని కూడా నివేదిక రాసింది. రెండుసార్లు ఎలాగో లేచింది. మన వర్క్‌షాపుల్లో ఈ 'ఎలాగో' ఎంత వినిపిస్తుందో మీకు తెలుసు. ఎలాగో అయిపోయిన పని మరుసటి రోజుకు పద్ధతిగా మారిపోతుంది. ఎత్తు, ఎండ రెండూ పెరిగేకొద్దీ గాలి పలచబడి ఎత్తే సత్తా తగ్గుతుంది. బెంగళూరే సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి, విమానాల పనిలో ఉన్న మా ఇద్దరికీ ఇది కొత్త పాఠం కాదు. అయినా అందరం కలిసి మళ్లీ చదివాం.

కొన్ని తప్పులు కాక్‌పిట్‌కు ఏళ్ల దూరంలో ఉంటాయి. 2002 జూన్ 17న కాలిఫోర్నియా వాకర్ దగ్గర పాత సీ-130ఏ రెక్కలు గాల్లోనే విరిగిపోయాయి. నెల రోజుల తర్వాత కొలరాడోలో రెండో ప్రపంచ యుద్ధం నాటి పీబీ4వై-2 ట్యాంకర్ రెక్క కూడా విరిగింది. రెండింటిలో కలిపి అయిదుగురు పోయారు. లోహం అలసి వచ్చిన పగుళ్లు, వాటిని పట్టుకోలేని తనిఖీ పద్ధతులు. మంటల మీద పదే పదే దూకి లేచే విమానానికి మామూలు తనిఖీ చాలదని అప్పుడు గట్టిగా తెలిసింది. 2004లో అమెరికా 33 పెద్ద ట్యాంకర్ల కాంట్రాక్టులు రద్దు చేసింది. తనిఖీ విభాగంలో ఉన్నవాళ్లు ఈ రెండు నివేదికలు తప్పక చదవండి. పైలట్ పేజీలు వదిలేసినా ఫర్వాలేదు.

ఏడో పని: బయటివాళ్లను కూడా గడుల్లో పెట్టండి

ఇది చిన్నది. 2025 జనవరిలో లాస్ ఏంజిలిస్ మంటలప్పుడు ఒకతను పార్కింగ్ భవనం పైనుంచి, మంటల నష్టం చూద్దామని డ్రోన్ ఎగరేశాడు. రెండున్నర కిలోమీటర్లు పంపాక అది కంటికి కనిపించలేదు. నీళ్లు చల్లుతున్న కెనడా విమానం రెక్కకు తగిలి రంధ్రం పడింది. విమానం క్షేమంగా దిగింది కానీ రోజుల తరబడి పనికి రాకుండా పోయింది. మీ దగ్గర డ్రోన్ ఉంటే, నంది హిల్స్ వైపైనా కనకపురా వైపైనా పొగ కనిపించినప్పుడు అది బ్యాగులోనే ఉండాలి. ఎగరేసే ముందు ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు డిజిటల్ స్కైలో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూడండి, కంటికి కనిపించేంత దూరమే పంపండి.

ఎనిమిదో పని: ఒక పేజీ రాసి గోడకు అంటించండి

ఇప్పుడు నివేదిక చివరి పేజీలు తెరిచి మీ కాగితంతో పోల్చుకోండి. మీరు పట్టుకోలేనివి ఉంటాయి, రాసుకోండి. తర్వాత విమానం, మంట, ఆస్ట్రేలియా అన్నీ వదిలేసి మీ పని గురించి ఒకే పేజీ రాయండి. అందులో మేం రాసుకునేవి ఇవి: ఏ అంకె దాటితే ఆపాలి, ఆ అంకెను ఎవరు పైకి చెప్పాలి. ఒకరు వద్దంటే ఆ మాట ఎక్కడ రాయాలి, తర్వాత వచ్చే మనిషికి ఎవరు చెప్పాలి. ఈ నెలలో 'ఎలాగో' అయిపోయిన పనులేవి. మనకిచ్చిన అంకెల్లో మనం సొంతంగా ఒక్కసారి కూడా సరిచూడనిది ఏది.

బాస్‌కు చూపించాలా అని అడుగుతారు. మొదటి నెల వద్దు. మీ షిఫ్టులో ఇద్దరు ముగ్గురితో మాట్లాడి, బై టూ కాఫీ మీద కూర్చుని దిద్దుకోండి. పేర్లు రాయొద్దు. పేరు పడిన మరుక్షణం ఆ కాగితం ఫిర్యాదు అయిపోతుంది, ఆ తర్వాత మీకు ఎవరూ ఏమీ చెప్పరు. నా రెంచ్ కథ చెప్పేటప్పుడు మాత్రం నా పేరు నేనే చెప్పుకుంటాను, దాని వల్ల మిగతావాళ్లు తమవి బయటపెడతారు.

కూమా నివేదిక మొత్తం కావడానికి మాకు మూడు ఆదివారాలు పట్టింది. ఒక్కరే చదివితే ఇంకా ఎక్కువ పట్టొచ్చు. ఒక విడతకు ఇరవై పేజీలు మించొద్దు, నిద్రొస్తుంది. ఇంగ్లిష్ కష్టమైతే ముందు బొమ్మలు, మ్యాపులు చూడండి, ఏటీఎస్‌బీ వాళ్లవి బాగుంటాయి. వచ్చే ఆదివారం మేం 2001 ఆగస్టులో కాలిఫోర్నియా మెండొసినోలో ఒకే మంట మీద తిరుగుతూ ఢీకొన్న రెండు ఎస్-2 ట్యాంకర్ల నివేదిక మొదలుపెడుతున్నాం. పెన్సిళ్లు ఈసారి నర్సు గారు తెస్తానన్నారు.